పెద్దవాళ్ళ విషయంలో ఏఐ న్యాయంగా నడవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళు, తామే వయసు పైబడినవాళ్ళు, ఏఐ తయారుచేసే పనిలో ఉన్నవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నిటికి కాస్త ఓపిక కావాలి.

ఏఐ అంటే మెషీనే కదా, దానికి వయసు మీద వివక్ష ఎక్కణ్ణుంచి వస్తుంది?

మెషీన్‌కి ఎవరిమీదా కోపం ఉండదు, నిజమే. కానీ అది నేర్చుకునేది మనం రాసినవాటి నుంచి, మనం తీసిన ఫొటోల నుంచి, మనం ఇదివరకు తీసుకున్న నిర్ణయాల నుంచి, వాటిల్లో ఏముంటే అదే దానికీ అబ్బుతుంది. ప్రపంచంలో ప్రతి ఇద్దరిలో ఒకరికి వయసు విషయంలో ఎంతోకొంత వివక్ష చూపే ధోరణి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన రిపోర్ట్ చెప్పింది, మరి ఆ మనుషులే రాసిన కోట్ల వాక్యాలు మింగిన మోడల్‌కి, అంటే డేటా చూసి నేర్చుకునే ప్రోగ్రామ్‌కి, అది అంటకుండా ఎలా ఉంటుంది చెప్పండి. 2018లో కొందరు రీసెర్చర్లు ఒక సింపుల్ పరీక్ష చేశారు. వాక్యంలో ఉన్నది మంచి భావమా చెడు భావమా అని లెక్కకట్టే టూల్స్ ఉంటాయి కదా, వాటికి ఒకే ఇంగ్లీషు వాక్యాన్ని రెండు రకాలుగా ఇచ్చారు, ఒకదాంట్లో వయసులో ఉన్నవాళ్ళని చెప్పే మాట, ఇంకోదాంట్లో ముసలివాళ్ళని చెప్పే మాట, మిగతాదంతా సేమ్. వయసులో ఉన్నవాళ్ళ వాక్యానికి పాజిటివ్ స్కోర్ వచ్చే అవకాశం 66 శాతం ఎక్కువని తేలింది. ఎవరూ కావాలని అలా రాయలేదు. ఎవరూ చూసుకోలేదు, అంతే.

పెద్దవాళ్ళు ఏఐ వాడేదే తక్కువ, మరి ఇంత చర్చ ఎందుకు?

వాళ్ళు ఏఐని వాడకపోయినా ఏఐని వాళ్ళమీద వాడుతున్నారు కదండీ. లోన్ అప్లికేషన్, ఇన్సూరెన్స్ క్లెయిమ్, హాస్పిటల్‌లో ఎవరిని ముందు చూడాలనే లెక్క, కస్టమర్ కేర్‌లో మొదట పలికే గొంతు, వీటన్నిటి వెనకా ఇప్పుడు ఏదో ఒక అల్గారిథం ఉండొచ్చు. స్మార్ట్‌ఫోన్ ముట్టుకోని మనిషి కూడా దీన్నుంచి తప్పించుకోలేడు. పైగా వీళ్ళు చిన్న గుంపేం కాదు, 2030 నాటికి ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు 60 దాటినవాళ్ళే ఉంటారని అంచనా.

డేటాలో పెద్దవాళ్ళు లేరు అంటుంటారు, అంటే ఏంటి?

అసలు సమస్య మొదలయ్యేది ఇక్కడే.

చాలా డేటాల్లో వయసు గడులు ఇలా ఉంటాయి: 18 నుంచి 24, 25 నుంచి 34, 35 నుంచి 44, అలా వచ్చి వచ్చి చివర్లో '60 పైన' అని ఒక్కటే గడి. 61 ఏళ్ళకి రోజూ ఆఫీసుకి వెళ్ళే మనిషినీ 92 ఏళ్ళకి మంచం మీదున్న మనిషినీ ఒకే గడిలో పడేస్తే మోడల్ ఏం నేర్చుకుంటుంది? ఇద్దరికీ సరిపోని ఒక సగటు మనిషిని నేర్చుకుంటుంది. కొత్త మందుల ట్రయల్స్‌లో కూడా వయసు ఎక్కువైందనో వేరే జబ్బులు ఉన్నాయనో పెద్దవాళ్ళని పక్కన పెట్టేయడం ఎప్పట్నుంచో ఉన్నదే, ఆ ట్రయల్ డేటా మీద కట్టిన వైద్య మోడల్‌కి ఆ లోటు వారసత్వంగా వచ్చేస్తుంది.

మనిషి కిందపడితే పట్టుకునే సెన్సార్ల సంగతైతే ఇంకా విచిత్రం. వాటి ట్రైనింగ్‌కి వాడే పబ్లిక్ డేటాల్లో చాలావాటిలో పడేది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళు, పరుపు మీద, కావాలని. ముసలావిడని పడమని చెప్పలేం కదా, కారణం అర్థమవుతుంది. కానీ నిజంగా పెద్దవాళ్ళు పడే తీరు వేరు, కుర్చీలోంచి లేవబోయి మెల్లగా జారిపోతారు, గోడ పట్టుకుని కూలబడతారు, ఆ తీరు మోడల్ ఎప్పుడూ చూసి ఉండదు. డబ్బా మీద మాత్రం 'పెద్దవాళ్ళ కోసం' అని రాసి ఉంటుంది!

గొంతు, ముఖం, వేలిముద్ర గుర్తుపట్టే సిస్టమ్స్ పెద్దవాళ్ళ దగ్గర ఎందుకు తడబడతాయి?

ఒక్కోదానికి ఒక్కో కారణం. వయసు పెరిగేకొద్దీ గొంతు కాస్త వణుకుతుంది, మాట నెమ్మదిస్తుంది, మధ్యలో ఆగుతారు. వాయిస్ అసిస్టెంట్ ఆ ఆగడాన్ని 'మాట అయిపోయింది' అనుకుని సగం వాక్యానికే జవాబు చెప్పేస్తుంది, ఆ పెద్దాయన మళ్ళీ మొదట్నుంచి, అది మళ్ళీ మధ్యలోనే. నిజానికి ఎంతసేపు ఆగితే మాట అయిపోయినట్టు అనేది చాలామటుకు కోడ్‌లో ఎవరో పెట్టిన సెట్టింగే, మార్చొచ్చు. వేలిముద్రలైతే వయసుతోనూ చేత్తో చేసే పనులతోనూ అరిగిపోతాయి, చర్మం పొడిబారుతుంది, స్కానర్‌కి గీతలు దొరకవు. ముఖాల విషయంలో అమెరికాలో టెక్నాలజీ ప్రమాణాలు చూసే నిస్ట్ అనే ప్రభుత్వ సంస్థ 2019 డిసెంబర్‌లో ఇచ్చిన రిపోర్ట్‌లో, ఒకరిని చూసి ఇంకొకరు అనుకునే పొరపాట్లు నడివయసు వాళ్ళకంటే పెద్దవాళ్ళలో, పిల్లల్లో ఎక్కువని తేల్చింది.

అంతా నిరాశేం కాదు లెండి. ఇల్లినాయిస్ యూనివర్సిటీ 2022లో మొదలుపెట్టిన స్పీచ్ యాక్సెసిబిలిటీ ప్రాజెక్ట్ మాటని దెబ్బతీసే పార్కిన్సన్స్ లాంటి జబ్బులున్నవాళ్ళ గొంతులు వాళ్ళని అడిగి, ఒప్పుకున్నాకే రికార్డ్ చేస్తోంది. అమెజాన్, యాపిల్, గూగుల్, మెటా, మైక్రోసాఫ్ట్ అన్నీ దానికి సపోర్ట్ ఇచ్చాయి. మనుషుల్ని కూర్చోబెట్టి అడిగితే డేటా వస్తుంది, అడగకపోవడమే ఇన్నాళ్ళూ జరిగింది.

మా సిస్టమ్ 96 శాతం కరెక్ట్ అంటారు, అది చాలదా?

చాలదు. లెక్క కోసం అంకెలు వేసి చూద్దాం. వెయ్యి మందిలో 75 దాటినవాళ్ళు 50 మంది అనుకోండి. మిగతా 950 మందికి సిస్టమ్ 98 శాతం కరెక్ట్‌గా చెప్తే 931 మంది, ఈ 50 మందికి 60 శాతమే కరెక్ట్ అయితే 30 మంది, మొత్తం 961, అంటే 96.1 శాతం. బ్రోచర్లో ఆ నంబర్ మెరిసిపోతూ ఉంటుంది, కానీ ఆ 50 మందిలో 20 మందికి తప్పు జవాబే వచ్చింది. అందుకే ఎవరైనా యావరేజ్ చెప్తే '70 దాటినవాళ్ళకి ఎంత, 80 దాటినవాళ్ళకి ఎంత' అని విడివిడిగా అడగండి. జవాబు లేదంటే టెస్ట్ చెయ్యలేదని అర్థం.

వయసు అనే కాలమ్‌నే తీసేస్తే వివక్ష పోదా?

పోదు. డిగ్రీ ఏ సంవత్సరంలో పాసయ్యారు, ఎన్నేళ్ళ ఎక్స్‌పీరియన్స్, ఈమెయిల్ ఏ కంపెనీది, పేరు ఏ కాలం నాటిది, వీటినుంచి మోడల్ వయసుని దొంగచాటుగా కనిపెట్టేస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది, వయసు కాలమ్ మొత్తం తీసేస్తే రేపు 'పెద్దవాళ్ళకి అన్యాయం జరిగిందా' అని చెక్ చేద్దామన్నా కుదరదు. నిర్ణయానికి వయసు వాడకూడదు, ఆడిట్‌కి మాత్రం దాచి ఉంచాలి, రెండూ వేరువేరు పనులు.

ఉద్యోగాల్లో నిజంగా ఇలా జరిగిన కేసులు ఉన్నాయా?

ఉన్నాయి. ఐట్యూటర్‌గ్రూప్ అనే ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీ మీద ఉద్యోగాల్లో వివక్ష కేసులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఈఈఓసీ 2022లో కేసు వేసింది. ఆరోపణ ఏంటంటే వాళ్ళ సాఫ్ట్‌వేర్ 55 దాటిన ఆడవాళ్ళనీ 60 దాటిన మగవాళ్ళనీ ఆటోమేటిక్‌గా రిజెక్ట్ చేసేసింది, అలా 200 మందికి పైగా అవకాశం పోగొట్టుకున్నారని. బయటపడిన తీరు చూడండి, ఒకరు అదే అప్లికేషన్‌ని పుట్టినతేదీ ఒక్కటే మార్చి మళ్ళీ పంపితే ఇంటర్వ్యూకి పిలిచారట. 2023లో కంపెనీ 3,65,000 డాలర్లు కట్టడానికి ఒప్పుకుని సెటిల్ చేసుకుంది. ఇందులో గొప్ప ఏఐ కూడా లేదు, ఒక మామూలు రూల్, అంతే. అందుకే పట్టుబడింది కూడా. అదే పని ఒక పెద్ద మోడల్ వంద సంకేతాలు కలిపి చేస్తే పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించుకోండి.

యాడ్స్ దగ్గర కూడా ఇదే గొడవ. ఉద్యోగం, ఇల్లు, లోన్ యాడ్స్‌ని వయసు చూసి కొందరికే చూపించే పద్ధతి ఆపేస్తామని ఫేస్‌బుక్ 2019లో సెటిల్‌మెంట్‌లో ఒప్పుకుంది. కనపడని యాడ్‌కి ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేరు, దీంట్లో ఉన్న అసలు మోసం అదే. 40 దాటినవాళ్ళని స్క్రీనింగ్ టూల్ వడగడుతోందని ఉద్యోగాల సాఫ్ట్‌వేర్ అమ్మే వర్క్‌డే అనే కంపెనీ మీద వేసిన దావా కూడా ఉంది, 2025 మేలో దాన్ని ఒక గ్రూపు కేసుగా నడపడానికి కోర్టు ప్రాథమికంగా ఒప్పుకుంది. కంపెనీ మాత్రం ఆరోపణలు నిజం కాదంటోంది.

వైద్యం, ఇన్సూరెన్స్‌లో ఏం జాగ్రత్తలు కావాలి?

మోడల్‌ది అంచనా, డాక్టర్‌ది నిర్ణయం. ఈ గీత చెరిగిపోకూడదు. 'ఈ వయసు పేషెంట్లు ఇన్ని రోజుల్లో కోలుకుంటారు' అని సాఫ్ట్‌వేర్ లెక్కకడితే అది సగటు, ఎదురుగా ఉన్న మనిషి సగటు కాదు. 2023 నవంబర్‌లో యునైటెడ్‌హెల్త్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ మీద అమెరికాలో దావా పడింది, పెద్దవాళ్ళకి హాస్పిటల్ తర్వాత కావాల్సిన కేర్‌ని ఒక అల్గారిథం అంచనా చూసి మధ్యలో ఆపేశారని ఆరోపణ, కవరేజ్ నిర్ణయాలు ఆ టూల్‌తో తీసుకోలేదని కంపెనీ వాదన. అది ఎలా తేలినా, 2024 ఫిబ్రవరిలో అక్కడ పెద్దవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌ని చూసే సంస్థ మాత్రం క్లియర్‌గా చెప్పింది, అల్గారిథం సహాయానికి వాడుకోవచ్చు కానీ కవరేజ్ నిర్ణయం ఆ ఒక్క పేషెంట్ పరిస్థితి చూసే తీసుకోవాలి అని.

2022 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్యంలో వాడే ఏఐలో వయోవివక్ష గురించే విడిగా ఒక పాలసీ బ్రీఫ్ ఇచ్చింది. డిజైన్‌లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టుకోండి, డేటా సైన్స్ టీముల్లో అన్ని వయసులవాళ్ళూ ఉండాలి, ఒప్పుకోవడానికీ ఎదురు ప్రశ్నించడానికీ వాళ్ళకి హక్కు ఉండాలి, ఇలాంటివి అందులో ఉన్నాయి. నన్నడిగితే ఆ చివరిదే అన్నిటికంటే ముఖ్యం, కంపెనీలు అన్నిటికంటే తక్కువ పట్టించుకునేదీ అదే.

అమ్మ ఒంటరిగా ఉంటుంది, ఇంట్లో కెమెరాలు పెట్టడం తప్పా?

ఎక్కువమంది అడిగేది ఇదే, దీనికి అవును కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేం.

భయం నిజమే. రాత్రి బాత్రూమ్‌లో పడిపోతే ఎవరు చూస్తారు అనే ఆలోచన దూరంగా ఉన్న పిల్లల్ని నిద్రపోనివ్వదు. కానీ కెమెరా పెడితే తగ్గేది ఎవరి భయం? పిల్లలది. చూపు కింద బతకాల్సింది ఎవరు? అమ్మ. ఈ లెక్క ముందు ఒప్పుకుని అప్పుడు మాట్లాడుకుంటే సగం గొడవలు రావు. ఆమె ఎన్నింటికి లేచింది, ఎవరొచ్చారు, ఎంతసేపు కూర్చున్నారు, ఫ్రిజ్ ఎన్నిసార్లు తెరిచింది, ఇవన్నీ ఇంకొకరి ఫోన్లో గ్రాఫ్‌లా కనిపిస్తుంటే ఆ ఇల్లు ఆమె ఇల్లు లాగా ఉంటుందా అసలు.

అందుకే వరసలో వెళ్ళండి. ముందు ఆమెనే అడగండి, 'నీకు దేనికి భయం' అని, చాలాసార్లు మనం అనుకున్నది ఒకటి, వాళ్ళు చెప్పేది ఒకటి. తర్వాత ఆ భయానికి సరిపడా చిన్నది ఏదో చూడండి. పడటం గురించే అయితే చేతికి పెట్టుకునే బటనో వాచ్చో చాలు, కదలిక సెన్సార్ చాలు, వీడియో అక్కర్లేదు. బెడ్‌రూమ్‌లో, బాత్రూమ్‌లో కెమెరా వద్దే వద్దు. పెట్టిన ప్రతిదానికీ ఆఫ్ చేసే స్విచ్ ఆమె చేతిలోనే ఉండాలి, ఆమె ఆఫ్ చేస్తే ఫోన్ చేసి దెబ్బలాడకూడదు. కొన్ని నెలలకి ఒకసారి 'ఇది ఇంకా కావాలా' అని మళ్ళీ అడగాలి, ఒకసారి ఊఁ అంటే జీవితాంతం ఊఁ అన్నట్టు కాదు.

ఇంకోటి, ఆ వీడియో కంపెనీ సర్వర్‌కి వెళ్తుందా, ఎన్నాళ్ళు ఉంచుతారు, మోడల్ ట్రైనింగ్‌కి వాడతారా, ఇన్సూరెన్స్ కంపెనీకి అమ్ముతారా? ప్రైవసీ పాలసీలో ఇది స్పష్టంగా లేకపోతే ఆ వస్తువు కొనకండి.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళ దగ్గర ఒప్పుకోలు ఎలా తీసుకోవాలి?

డిమెన్షియా అని చీటీ మీద రాయగానే మనిషికి ఇష్టాయిష్టాలు పోవు. తొలి దశలో చాలామంది తమకేం కావాలో స్పష్టంగా చెప్పగలరు, అప్పుడే అడిగి రాసి పెట్టుకోవడం మంచిది, 'ముందు ముందు నా మీద ఎలాంటి నిఘా అయితే పర్లేదు, ఏది వద్దు' అని. తర్వాత సంతకం పెట్టేది కుటుంబ సభ్యులే అయినా, నిఘా పరికరం చూసి ఆ మనిషి చిరాకు పడుతున్నా, తీసి పారేస్తున్నా అది కూడా ఒక జవాబే. దాన్ని 'మొండితనం' అని కొట్టిపారేయకండి.

తోడుగా మాట్లాడే రోబోలు, చాట్‌బాట్‌లు పెద్దవాళ్ళని మోసం చేసినట్టు కాదా?

కొందరు అవునంటారు, నేను పూర్తిగా అవునన్ను. జపాన్‌లో తకనోరి షిబాతా తయారుచేసిన పారో అనే సీల్ పిల్ల బొమ్మ రోబో ఉంది, నిమిరితే స్పందిస్తుంది, డిమెన్షియా ఉన్నవాళ్ళ దగ్గర చాలా దేశాల కేర్ హోమ్‌లలో వాడుతున్నారు. దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే మనసు కుదుటపడేవాళ్ళు ఉన్నారు, అందులో ఎవరికీ నష్టం లేదు. కానీ మాట్లాడే చాట్‌బాట్ సంగతి వేరు. 1966లోనే ఎమ్ఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే చిన్న ప్రోగ్రామ్ రాస్తే, అది మనం అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడుగుతుందని తెలిసి కూడా జనం దానితో మనసు విప్పి మాట్లాడేశారు, ఆయనే కంగారు పడ్డాడు. ఇప్పటివి దానికి వెయ్యి రెట్లు తీయగా మాట్లాడతాయి.

చూడాల్సినవి మూడే. అది మనిషి కాదని తనే చెప్తుందా? ఫోన్ పెట్టేస్తానంటే 'అప్పుడే వెళ్ళిపోతారా' అని బతిమాలుతుందా? దాన్ని చూపించి ఇంట్లోవాళ్ళో కేర్ హోమో మనుషులు రావడం తగ్గించేస్తున్నారా? మూడోది జరిగితే తప్పు రోబోది కాదు.

గొంతు కాపీ కొట్టి చేసే మోసాల నుంచి ఎలా కాపాడాలి?

కొద్ది సెకన్ల ఆడియో ఉంటే చాలు, మనవడి గొంతుతో 'తాతయ్యా యాక్సిడెంట్ అయింది, డబ్బు పంపు, నాన్నకి చెప్పకు' అని ఏడుస్తూ ఫోన్ చేయించొచ్చు ఇప్పుడు. 2024లో 60 దాటినవాళ్ళు ఇంటర్నెట్ నేరాల్లో దాదాపు 490 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నట్టు అమెరికాలో ఎఫ్‌బీఐకి కంప్లైంట్లు అందాయి, అదంతా ఏఐ వల్లే అని కాదు, కానీ టార్గెట్ ఎవరో తెలుస్తోంది కదా. ఏఐ గొంతుతో చేసే రోబోకాల్స్, అంటే మెషీనే చేసే ఫోన్లు, చట్టవిరుద్ధమని 2024 ఫిబ్రవరిలో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ప్రకటించింది.

ఇంట్లో చేసుకోగలిగింది: ఒక రహస్య మాట పెట్టుకోండి, డబ్బు అడిగే ఎవరైనా ఆ మాట చెప్పాలి, మనవడైనా సరే. ఫోన్ పెట్టేసి మన దగ్గరున్న పాత నంబర్‌కి తిరిగి చెయ్యడం ఇంకా మేలు. మోసపోయినవాళ్ళని మాత్రం తిట్టకండి, సిగ్గుతో చెప్పకుండా దాచుకుంటే రెండోసారి కూడా పోతుంది.

మోసం అనుమానంతో బ్యాంక్ సిస్టమ్ పెద్దవాళ్ళ లావాదేవీలు ఆపేస్తే అది మంచిదే కదా?

అనుమానం వచ్చిన లావాదేవీని ఆపి అడగడం మంచిదే. 'వయసు 75 దాటింది కాబట్టి' ఆపడం మాత్రం అవమానం. తన డబ్బు తను ఖర్చుపెట్టుకోవడానికి 78 ఏళ్ళ మనిషి ఎవరికో సంజాయిషీ ఇచ్చుకోవాలా? చూడాల్సింది లావాదేవీ తీరుని, పుట్టినతేదీని కాదు. ఆపితే కారణం చెప్పాలి, నిమిషాల్లో ఒక మనిషి లైన్లోకి రావాలి.

చట్టాలు ఏమంటున్నాయి?

ఇప్పటికి స్పష్టంగా రాసుకున్నది యూరోపియన్ యూనియన్. 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన వాళ్ళ ఏఐ చట్టం ఐదో ఆర్టికల్‌లో, వయసు వల్లో వైకల్యం వల్లో పేదరికం వల్లో ఉన్న బలహీనతని వాడుకుని మనిషి ప్రవర్తనని వంచి హాని చేసే ఏఐని నిషేధించారు, ఆ నిషేధం 2025 ఫిబ్రవరి 2 నుంచి నడుస్తోంది. జరిమానా 3.5 కోట్ల యూరోలు, లేదా కంపెనీ ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 7 శాతం, ఏది ఎక్కువైతే అంత వరకు. ఉద్యోగాల వడపోత, లోన్ స్కోర్, ఆరోగ్య జీవిత బీమా రేట్లు లాంటివి హై రిస్క్ లిస్టులో ఉన్నాయి. అంతకుముందే వచ్చిన వాళ్ళ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 22వ ఆర్టికల్‌లో, పూర్తిగా మెషీనే తీసుకున్న పెద్ద నిర్ణయానికి తలొగ్గక్కర్లేని హక్కు ఉంది. అమెరికాలో 1967 నాటి చట్టం 40 దాటినవాళ్ళని ఉద్యోగాల్లో వయోవివక్ష నుంచి కాపాడుతుంది, మెషీన్ చేసినా మనిషి చేసినా దాని ప్రకారం తప్పు తప్పే. 2021 నవంబర్‌లో యునెస్కో ఇచ్చిన ఏఐ నైతిక సిఫార్సులు కూడా ఉన్నాయి కానీ అవి సిఫార్సులే, కోర్టులో పట్టుకుని నిలబెట్టేవి కావు.

పెద్దవాళ్ళకి ట్రైనింగ్ ఇస్తే సరిపోదా?

నేర్చుకోవాలనుకున్నవాళ్ళకి తప్పకుండా నేర్పాలి. కానీ ప్రతి లోపాన్నీ 'మీకు రాదు' అని వాళ్ళ నెత్తిన రుద్దడం నాకు నచ్చదు. రెండు నిమిషాలకే లాగౌట్ అయిపోయే ఫారం, బూడిద రంగు మీద బూడిద రంగు అక్షరాలు, వణికే వేలికి అందని బటన్, మనిషితో మాట్లాడే ఆప్షన్ ఏడో మెనూలో దాచిన చాట్‌బాట్, వీటికి ట్రైనింగ్ మందు కాదు, డిజైన్ మార్చాలి. ఇంకా చెప్పాలంటే యాప్ అసలు వద్దనే హక్కు కూడా ఉండాలి, కౌంటర్ దగ్గరో ఫోన్లోనో అదే పని అదే ఖర్చుతో అవ్వాలి.

మేం ఏఐ ప్రొడక్ట్ చేస్తున్నాం, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

పెద్దవాళ్ళని చివర్లో టెస్టింగ్‌కి కాదు, మొదట్లో సమస్య ఏంటో తేల్చేటప్పుడే పిలవండి, వాళ్ళ టైమ్‌కి డబ్బులివ్వండి. చదువుకున్న రిటైర్డ్ ఇంజనీర్లనే పిలిచి సరిపెట్టుకోకండి, వినపడనివాళ్ళు, చూపు తగ్గినవాళ్ళు, ఒంటరిగా ఉండేవాళ్ళు కూడా ఉండాలి. వయసు గడులు పదేసి ఏళ్ళకి విడగొట్టి ఫలితాలు బయటపెట్టండి. సిస్టమ్‌కి నమ్మకం తక్కువగా ఉన్నప్పుడు ఊహించి చెప్పకుండా మనిషికి అప్పగించేలా కట్టండి. ప్రొడక్ట్ మూసేస్తే దానిమీద ఆధారపడ్డ మనిషి గతేంటో కూడా ముందే రాసుకోండి, స్టార్టప్ మూతపడితే తోడు రోబో ఒక్కరోజులో మూగబోతుంది, దానికి అలవాటు పడ్డ మనిషికి ఆ సంగతి ఎవరు చెప్తారు?

సిస్టమ్ ఇచ్చిన నిర్ణయం తప్పనిపిస్తే ఏం చెయ్యాలి?

ఫోన్లో మాటలతో వదిలేయకండి, కాగితం మీద అడగండి. నిర్ణయం తీసుకుంది మనిషా సాఫ్ట్‌వేరా, ఏ సమాచారం చూసి, అందులో తప్పుంటే ఎవరికి చెప్పాలి, మనిషి చేత మళ్ళీ చూపించుకోవడానికి గడువు ఎంత, ఈ నాలుగూ. అప్పీల్ గడువులు చిన్నవిగా ఉంటాయి కాబట్టి లెటర్ వచ్చిన తేదీ దానిమీదే రాసి పెట్టుకోండి. స్క్రీన్‌షాట్లు, కవర్లు కూడా దాచండి. ఇంట్లోవాళ్ళు సాయం చెయ్యొచ్చు, కానీ లెటర్ ఆ పెద్దమనిషి పేరుతోనే వెళ్ళాలి, ఏం రాశారో ఆయనకి చదివి వినిపించాకే పంపాలి.